ఇసుక పునాదిపై ఆనకట్టను నిలిపిన సర్ ఆర్థర్ కాటన్

(మే 15 సర్ ఆర్థర్ కాటన్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గోదావరి డెల్టా ప్రజలు అపర భగీరథునిగా స్మరించుకునే సర్ ఆర్థర్ థామస్ కాటన్ పేరు చెప్పగానే ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుకు వస్తుంది. ఆ కట్టడం వలన డెల్టాకు చేకూరిన సిరిసంపదలను గురించి ఎంతో వ్రాయబడింది. అయితే దాదాపు నాలుగు మైళ్ల వెడల్పు గల నదిలో, అడుగు తెలియని ఇసుక మీద, సిమెంటు అందుబాటులో లేని రోజులలో ఆ ఆనకట్టను ఆయన ఏ విధంగా నిలబెట్టగలిగారన్న విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఇంజనీరుగా కాటన్ ఘనత ప్రధానంగా అందులోనే ఉంది. నదికి అడ్డంగా గోడ కట్టడం ఒక ఎత్తు. ఆ గోడ పాదం క్రింది ఇసుక వరదకు కొట్టుకుపోకుండా కాపాడటం మరొక ఎత్తు. ఈ రెండవ పనికే ఆయన తన నైపుణ్యాన్నంతటినీ వినియోగించారు.

తొలి జీవితం

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. హెన్రీ కాల్వెలీ కాటన్ పదకొండుగురు కుమారులలో ఆయన పదవవారు. ఈస్టిండియా కంపెనీ తన సైనికాధికారులకు శిక్షణ ఇచ్చే ఆడిస్కోంబ్ విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికయ్యారు. వేల్స్ ప్రాంతంలో కొంతకాలం సర్వే పనిలో శిక్షణ పొంది 1821లో మద్రాసు చేరుకున్నారు. దక్షిణ జిల్లాలలో చెరువులు, కాలువల పనులను పర్యవేక్షించే ఇంజనీరుకు సహాయకునిగా నియమితులయ్యారు. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో కూడా పాల్గొన్నారు. తిరిగి వచ్చిన తరువాత ఆయనకు అప్పగించబడిన కావేరి పనులే ఆయన భవిష్యత్తును నిర్ణయించాయి.

కల్లణై నేర్పిన పాఠం

శ్రీరంగం ఎగువన కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం. దాని వాలు ఎక్కువ. పంతొమ్మిదవ శతాబ్దం ఆరంభం నాటికి నదీజలంలో అధిక భాగం కొల్లిడంలోకి మళ్లిపోయి, తంజావూరుకు నీరందించే కావేరి పాయ ఇసుక మేటలతో పూడిపోసాగింది. ఏటేటా పూడిక తీయించినా ప్రయోజనం లేకపోయింది. కొల్లిడానికి అడ్డంగా ఆనకట్టలు కట్టి నీటిని మళ్లించాలని కాటన్ ప్రతిపాదించారు. పునాదికి రాతినేల దొరకని ఇసుక నదిలో అంత పెద్ద కట్టడం నిలుస్తుందా అన్న సందేహం అప్పటి అధికారులలో బలంగా ఉండేది.

ఆ సందేహానికి సమాధానం అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది. కరికాల చోళుడు కట్టించినట్లు ప్రతీతి గల కల్లణై శతాబ్దాలుగా ఇసుక మీదనే నిలిచి ఉంది. కాటన్ దానిని నిశితంగా పరిశీలించారు. పూర్వులు రాతినేల కోసం త్రవ్వుకుంటూ పోలేదు. పెద్ద పెద్ద బండరాళ్లను ఇసుకలో పడవేశారు. అవి కొంత మేరకు దిగి ఆగిపోయిన తరువాత, వాటిపై మరికొన్ని రాళ్లను బంకమట్టితో పేర్చి, పైభాగాన్ని సున్నపు కట్టడంతో కప్పారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడమెట్లాగో ఆంగ్లేయ ఇంజనీర్లు ఆ పూర్వ నిర్మాతల వద్దనే నేర్చుకున్నారని కాటన్ తరువాతి కాలంలో అంగీకరించారు. పాలకవర్గానికి చెందిన ఒక సైనిక ఇంజనీరు ఆ రోజులలో ఈ మాట బహిరంగంగా ఒప్పుకోవడం చెప్పుకోదగిన విషయం.

కొల్లిడంపై ఎగువ, దిగువ ఆనకట్టలు 1836లో పూర్తయ్యాయి. ఎగువ ఆనకట్ట ముక్కొంబు వద్ద ఉంది. కొద్దికాలంలోనే మరొక సమస్య తలెత్తింది. ఈసారి కావేరి పాయలోకి నీరు అవసరానికి మించి ప్రవహించి, నదీగర్భాన్ని కోయనారంభించింది. దానిని అరికట్టడానికి 1845 నాటికి కావేరి ముఖద్వారం వద్ద అడ్డుకట్ట నిర్మించవలసి వచ్చింది. నదిలో ఒకచోట కట్టిన కట్టడం మరొకచోట కోతకు కారణం కాగలదని దీని వలన తేటతెల్లమైంది. ముక్కొంబు ఆనకట్ట 182 సంవత్సరాలు సేవలందించింది. 2018 ఆగస్టులో వచ్చిన వరదలో దానిలోని తొమ్మిది గేట్ల మేర భాగం కూలిపోయింది.

కరవు సీమకు రాక

అనారోగ్యం కారణంగా కాటన్ కొంతకాలం సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతానికి వెళ్లారు. 1841లో టాస్మానియాలో ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడి తిరిగి వచ్చారు. అనంతరం ఆయనను గోదావరి తీరానికి పంపారు.

ఆనాటి రాజమహేంద్రవరం జిల్లా పరిస్థితి దయనీయంగా ఉండేది. 1832-33లో వచ్చిన నందన కరవు సర్కారు జిల్లాలను అతలాకుతలం చేసింది. 1839లో పెనుతుపాను కోరంగి తీరాన్ని ముంచివేసింది. 1821లో సుమారు 7.4 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.6 లక్షలకు పడిపోయింది. ప్రక్కనే గోదావరి నిండుగా ప్రవహించి సముద్రంలో కలిసిపోతుండగా పొలాలు ఎండిపోయేవి. వరద వస్తే అదే పొలాలు మునిగిపోయేవి. జిల్లా స్థితిగతులను విచారించిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ, నీటిపారుదల పనులు చేపట్టడమే మార్గమని సూచించారు. కాటన్ ప్రదేశమంతా తిరిగి చూసి 1844లో ఒక నివేదిక, 1845లో మరొక నివేదిక సమర్పించారు. 1846 చివరలో కంపెనీ డైరెక్టర్లు ఆమోదం తెలిపారు. ఆనకట్టకు ఆయన వేసిన అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. వాస్తవ వ్యయం దీనిని బాగా మించిపోయింది. తగినంతమంది ఇంజనీర్లను, పనివారిని మంజూరు చేయవలసిందిగా ఆయన కోరగా, కోరినదానిలో కొద్ది భాగమే లభించింది.

వెడల్పయిన చోటునే ఎందుకు ఎంచుకున్నారు?

రాజమహేంద్రవరానికి నాలుగు మైళ్ల దిగువన ఉన్న ధవళేశ్వరాన్ని కాటన్ ఎంపిక చేయడం పైకి వింతగా కనిపిస్తుంది. పాపికొండల నడుమ నది ఇరుకుగా, రాతినేల మీద ప్రవహిస్తుంది. ధవళేశ్వరం వద్ద అంతా ఇసుకే. కాని ఇరుకుచోట వరద ఎత్తు, వేగం విపరీతంగా ఉంటాయి. వెడల్పు ఎక్కువైనకొద్దీ నీటి మందం తగ్గుతుంది, కోత బలం కూడా తగ్గుతుంది. పైగా ధవళేశ్వరం వద్ద లంకలు నదిని నాలుగు పాయలుగా విభజిస్తున్నాయి. ఎండాకాలంలో ఒక పాయను కట్టివేసి అందులో పనిచేసుకుంటూ, నీటిని మిగిలిన పాయల గుండా పోనీయవచ్చు. డెల్టా తలభాగం అదే కావడం వలన కాలువలను అక్కడి నుండే మూడు వైపులకూ తీసుకుపోవచ్చు. గట్టునే రాతి కొండ ఉండటం అన్నిటికంటే ముఖ్యమైన సౌకర్యం. ఇసుకను గెలవడానికి కాటన్ చేతిలో ఉన్న ప్రధాన ఆయుధం ఆ రాయే.

1847లో పని ప్రారంభమైంది. కొండ నుండి నదీతీరానికి రాయి చేరవేయడానికి ధవళేశ్వరంలో పట్టాలు వేశారు. భారతదేశంలో ప్రయాణీకుల రైలు నడవడానికి ముందే వేసిన పట్టాల మార్గాలలో ఇది ఒకటి. లంకలకు రాయిని పడవలపై తరలించారు. వేలాది కూలీలు పనిచేశారు. స్థానికులైన వీణెం వీరన్న పనివారిని సమకూర్చి, నిర్మాణ పర్యవేక్షణలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. ఆయన సేవలకు గుర్తింపుగా రాయ్‌బహదూర్ బిరుదు లభించింది. 1848లో కాటన్ తీవ్ర అస్వస్థతకు గురికాగా, కెప్టెన్ చార్లెస్ ఆర్ బాధ్యతలు స్వీకరించి పనిని కుంటుపడనీయలేదు.

పాదరక్షణ విధానం

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నిర్మించబడిన ఈ ఆనకట్టలో రాతికట్టడం నిడివి సుమారు రెండుంపావు మైళ్లు. ఎత్తు పన్నెండు అడుగులు. దీని పునాదులు నదీగర్భంలో ఆరడుగుల లోతుకు మాత్రమే దింపిన బావుల వరుసలు. మంచినీటి కోసం ఒర బావులు దించడంలో మన పనివారికి తరతరాల అనుభవం ఉంది. కట్టడపు ఒరను ఇసుక మీద నిలిపి, లోపలి ఇసుకను తోడివేస్తూ పోతే ఒర తన బరువుకే క్రిందికి దిగుతుంది. తగిన లోతు చేరిన తరువాత లోపల రాయి, సున్నం నింపుతారు. అట్లా దింపిన బావుల మీద గోడ, వాటి వెనుక రాతి గచ్చు, ఆపై దిగువకు నీటిని మెల్లగా దించే వాలు కట్టారు.

ఇసుక నదికి ఆరడుగుల పునాది ఏ మూలకు? ఒక్క పెద్ద వరద చాలు, దానికి రెట్టింపు లోతున ఇసుకను తోడివేస్తుంది. ఆ సంగతి కాటన్‌కు తెలియక కాదు. ఆయన నమ్మకం పునాది లోతు మీద లేదు, దిగువన పరచిన రాతి మీద ఉంది. ఆనకట్ట వాలు ముగిసిన చోటు నుండి ఎంతో దూరం వరకు, కొండలో దొరికిన అతి పెద్ద రాళ్లను సున్నం లేకుండా వదులుగా పరిచారు. ఇంజనీర్లు దీనిని ఏప్రాన్ అంటారు. వరద నీరు ఆనకట్ట మీదుగా దూకి దిగువ ఇసుకను కోసినప్పుడు, ఆ రాతి పరుపు అంచున ఉన్న రాళ్లు కోతలోకి జారి, గుంట వాలును కప్పివేస్తాయి. కోత ఎంత లోతుకు పోతే రాయి అంత లోతుకు దిగి అక్కడ కాపలా కాస్తుంది. సున్నంతో బిగించిన గచ్చు అయితే క్రింద ఇసుక జారిపోయినా పైకి చెక్కుచెదరకుండా కనిపించి, ఒక్కసారిగా విరిగి కూలుతుంది. వదులు రాయి అట్లా మోసం చేయదు. ఎక్కడ రాయి క్రుంగిందో అక్కడ కోత పడిందని ఎండాకాలంలో కంటికి కనిపిస్తుంది, అక్కడ మరింత రాయి వేయవచ్చు.

ఈ విధానంలో కట్టడం పూర్తయినంత మాత్రాన ఖర్చు ముగియదు. మొదటి సంవత్సరాలలో నది ఎంత రాయినైనా మ్రింగివేస్తుంది. ధవళేశ్వరంలో అదే జరిగింది. వరదలకు కొన్నిచోట్ల గండ్లు పడ్డాయి, రాయి క్రుంగింది, తిరిగి నింపారు. దీనిని పరాజయంగా ఎంచినవారూ ఉన్నారు. కాటన్ దృష్టిలో అది పనిలో ఒక భాగం. 1852లో ఆనకట్ట ప్రధాన నిర్మాణం ముగిసింది.

గట్టు చివరల వద్ద నీరు ప్రక్కకు తిరిగి భూమిని కోయకుండా రాతి రివెట్‌మెంట్లు కట్టారు. లంకల తలల వద్ద కూడా ఇదే రక్షణ కల్పించారు. తరువాత కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో 1852-55 మధ్య విజయవాడ వద్ద ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల నడుమ కృష్ణానదిపై ఆనకట్ట నిర్మించబడింది. అక్కడ నది ఇరుకు, వరద మందం ఎక్కువ. అందువలన రాతి పరిమాణాన్ని ఎంతగానో పెంచవలసి వచ్చింది. ఆ ఆనకట్ట సుమారు శతాబ్దకాలం నిలిచి, 1952లో గండిపడింది. దాని స్థానంలో 1954-57 మధ్య ప్రకాశం బ్యారేజి రూపుదిద్దుకుంది.

గోదావరి కాలువలలో గన్నవరం అక్విడక్టును ప్రత్యేకంగా పేర్కొనాలి. గోదావరి పాయ మీదుగా 49 కమానులపై కాలువను దాటించిన ఈ నిర్మాణం కాటన్ శిష్యుడైన హేగ్ పర్యవేక్షణలో జరిగింది. దాని ప్రక్కనే 2000 సంవత్సరంలో నిర్మించిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

నెరవేరని ప్రణాళికలు

కాటన్ ప్రతిపాదించినవన్నీ ఫలించలేదు. గోదావరి ఎగువ భాగంలో పడవల రాకపోకలకు ఆయన ప్రోద్బలంతో చేపట్టిన పథకం దుమ్ముగూడెం వద్ద కొంత పని జరిగిన తరువాత 1871లో విరమించబడింది. ఆయన సమర్థించిన కంపెనీ చేపట్టిన కర్నూలు-కడప కాలువ అనుకున్న ఆదాయం తేలేక, 1882లో ప్రభుత్వపరమైంది. రైలు మార్గాల కంటే నౌకాయాన కాలువలే దేశానికి మేలని ఆయన జీవితాంతం వాదించారు. ఆ వాదనలో ఆయన అంకెలు ఆశావహంగా ఉండేవన్న విమర్శ అసత్యం కాదు. 1860లో ఉద్యోగ విరమణ చేసిన ఆయనకు 1861లో సర్ బిరుదు లభించింది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట హాజరై తన పథకాలపై ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరానికి ముందే దక్షిణ భారతాన్ని కబళించిన 1876-78 మహాక్షామంలో గోదావరి డెల్టా కరవు నుండి తప్పించుకోవడమే గాక ఇతర ప్రాంతాలకు ధాన్యం పంపగలిగింది.

వృద్ధాప్యంలో ఆయన ఇంగ్లండులోని డోర్కింగ్‌లో స్థిరపడి, నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. 1899 జులై 24న తొంభై ఆరవ ఏట అక్కడే మరణించారు.

రాతి నుండి కాంక్రీటు దిమ్మెకు

కాటన్ మరణానికి ఒక సంవత్సరం ముందు, 1898లో, ఉత్తర భారతంలో గంగానదిపై నరోరా వద్ద ఇసుక పునాది గల ఆనకట్ట దెబ్బతిన్నది. గచ్చు క్రింద చేరిన నీరు దానిని పైకెత్తివేసింది. పైనుండి దూకే నీటితో పాటు ఇసుకలో నుండి ఊరే నీరు కూడా శత్రువేనని ఇంజనీర్లు శాస్త్రీయంగా గుర్తించినది ఆ కాలంలోనే. 1910 ప్రాంతంలో బ్లై, 1936లో భారతీయ ఇంజనీరు ఎ.ఎన్. ఖోస్లా ప్రకటించిన సూత్రాలు ఆ ఊటను లెక్కగట్టే మార్గం చూపాయి. కాటన్‌కు ఈ లెక్కలేవీ అందుబాటులో లేవు. అయినా ఊట నీటిని పోనిస్తూ ఇసుకను ఆపగల వదులు రాతిని ఆయన అనుభవంతో ఎంచుకున్నారు.

ప్రస్తుతం ఇసుక నదులపై నిర్మించే బ్యారేజీలలో గచ్చు చివరన వాడుకలో ఉన్న సీసీ బ్లాకుల విధానం ఈ ఆలోచనకే కొనసాగింపు. ముందుగా సన్న ఇసుక, దానిపై ముతక ఇసుక, ఆపై గులకరాయి వరుసగా పరచి వడపోత పొరను సిద్ధం చేస్తారు. దానిమీద కాంక్రీటు దిమ్మెలను అక్కడికక్కడే పోతపోస్తారు. సుమారు ఒకటిన్నర మీటరు పొడవు, అంతే వెడల్పు, మీటరుకు కొంచెం తక్కువ మందం గల ఒక్కొక్క దిమ్మె బరువు దాదాపు ఐదు టన్నులు ఉంటుంది. వేరేచోట తయారుచేసి నదిలోకి మోసుకురావడం కష్టం కాబట్టి ఒక గడి విడిచి ఒక గడి పోసి, అవి గట్టిపడిన తరువాత మధ్య గడులు పోస్తారు. దిమ్మెకు దిమ్మెకు నడుమ మూడంగుళాల సందు వదిలి గులకరాయితో నింపుతారు. ఊట నీరు ఆ సందుల ద్వారా వెలికి వస్తుంది, వడపోత పొర వలన ఇసుక మాత్రం రాదు. సందులు పూడిపోయినా, తొందరపాటులో కాంక్రీటుతో కప్పివేసినా నీటి ఒత్తిడి దిమ్మెలను లేవనెత్తగలదు. ఈ దిమ్మెల వరుస దాటిన తరువాత పరిచేది వదులు రాయే. కాటన్ నాటి ఏప్రాన్‌కు ఇంతవరకు పూర్తి ప్రత్యామ్నాయం రాలేదు.

ధవళేశ్వరం పాత ఆనకట్ట బలహీనపడటంతో 1970లో కొత్త బ్యారేజి నిర్మాణం చేపట్టి 1982లో పూర్తిచేశారు. దీనికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజిగా నామకరణం చేశారు. ధవళేశ్వరం భాగంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39, మొత్తం 175 గేట్లు అమర్చారు. నిర్మాణం పూర్తయిన నాలుగేళ్లకే, 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఏటిగట్లకు గండ్లు పడి ఎన్నో గ్రామాలు మునిగాయి. బ్యారేజి నిలిచింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు పది లక్షల ఎకరాలకు దాని నుండే నీరందుతోంది.

ధవళేశ్వరంలో కాటన్ పేరిట మ్యూజియం ఉంది. ఆనకట్ట నిర్మాణ కాలపు సామగ్రి, నమూనాలు అందులో భద్రపరచబడ్డాయి. డెల్టా గ్రామాలలో రైతులు స్వచ్ఛందంగా ప్రతిష్ఠించుకున్న కాటన్ విగ్రహాలు అనేకం ఉన్నాయి. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై కూడా ఆయన విగ్రహం నెలకొల్పబడింది. ఏటా మే 15న ఈ విగ్రహాలకు పూలమాలలు వేసి నివాళులర్పిస్తారు. రబీ పంట పూర్తయి కాలువలు కట్టివేసే రోజులు కూడా ఇంచుమించు అవే. నది అడుగంటి, గేట్ల దిగువన ఏప్రాన్ రాయి, కాంక్రీటు దిమ్మెలు బయటపడేది అప్పుడే. క్రుంగినచోట రాయి నింపడానికి జూన్ వరద వచ్చేలోగా కొద్ది వారాల వ్యవధి మాత్రమే ఉంటుంది.